సంత రోజు రెండు రింగులు

మా అన్నా నేనూ అయిదేళ్లు మాట్లాడుకోలేదు. అయినా ఆ అయిదేళ్లలో చివరి రెండేళ్లకు పైగా, వారం తప్పకుండా, మా అన్న నాకు ఫోన్ చేశాడు. వినడానికి పొసగనట్టుంటుంది గానీ రెండూ నిజమే.

మాది తమిళనాడులో, కర్ణాటక సరిహద్దు పక్కన, అంచెట్టి నుంచి ఇంకా లోపలికి పోతే అడవి అంచున ఉండే ఊరు; తెలుగుతో పాటు తమిళం, కన్నడం కూడా అందరికీ నోటికి వచ్చు. కొన్ని ఆవులు, వాన పడితే రాగులు పండే కాస్త చేను, అంతే మా ఆస్తి. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడైన అన్నే నన్ను పెంచాడు. బడికి పోయేముందు తల దువ్వేది కూడా తనే; పశువు ఒళ్లు రుద్దినట్టు దువ్వేవాడు. రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో వదిన తమ్ముడికి నన్నిచ్చి చేయాలని అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు. తాంబూలాలు మార్చుకునే రోజున పెద్దలంతా వచ్చి చాపల మీద కూర్చున్నాక, నాకు ఇష్టం లేదని చెప్పాను. అదే మాట ముందురోజు అన్న చెవిన వేసి ఉంటే పోయేది. నా బుద్ధే అంత, పదిమంది చేరాక గానీ నోరు లేవదు.

అన్న ఆ పదిమంది ముందే, "పోతే పో. మళ్లీ ఈ గడప తొక్కొద్దు" అన్నాడు.

"తొక్కను. నీ గొంతు కూడా ఇంక ఇనను" అన్నాను నేను.

అన్నాక నిలబెట్టుకోవాలి కదా. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు హోసూరు వచ్చేశాను. మా ఇంట్లో ఎవరికీ పొలం పెద్దగా రాలేదు గానీ పంతం మాత్రం తలా ఇంత సమంగా వచ్చింది.

హోసూరులో బండ్లకు వైర్లు జోడించి కట్టలు కట్టే ఫ్యాక్టరీలో పని దొరికింది. మత్తిగిరిలో, పశువుల ఫారం దాటాక, ఒక ఇంటి వెనక భాగంలో ఒంటి గది తీసుకున్నాను. ఇంటావిడ తమిళావిడ. నెలకొకసారి అద్దెకు తలుపు తట్టేది, మిగతా రోజుల్లో ఆమె ఎవరో నేనెవరో. పొద్దున గాలి అటు నుంచి వీస్తే ఫారంలో పశువుల వాసన వచ్చేది. తక్కిన అద్దెవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, నేను కిటికీ తెరిచి పెట్టుకునేదాన్ని.

పని రోజుల్లో ఏమీ తెలిసేది కాదు. శనివారం సాయంత్రం షిఫ్టు దిగితే మళ్లీ సోమవారం పొద్దున బస్సులో చోటడిగే దాకా నా గొంతు నాకే వినిపించేది కాదు. జ్వరం వస్తే నేనే కషాయం కాచుకుని, నేనే తాగి, బాగుందని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఒంటరిగా ఉండడం అలవాటైపోతుందని అంటారు. నాకు కాలేదు. అలవాటైనట్టు నడుచుకోవడం మాత్రం వచ్చింది.

అప్పుడే మొబైల్ ఫోన్లు మా వంటివాళ్ల చేతుల్లోకి వస్తున్నాయి. కొత్తగా వచ్చిన ఒక కంపెనీ ఫోనూ నంబరూ కలిపి ఒకటిగా ఇస్తుంటే మా లైన్లో ఆడవాళ్లంతా తీసుకున్నారు. అందరూ తీసుకుంటే నేను మానేస్తానా, నేనూ తీసుకున్నాను. తీసుకున్నాక నాకెవరు చేస్తారని ఆలోచన వచ్చింది. మా పక్క ఊరి పిల్ల ఒకతి నా బెంచీ మీదే పని చేసేది. పెళ్లి కుదిరి పని మానేసి ఊరికి పోతుంటే, ఒక కాగితం మీద నా నంబరు రాసిచ్చాను. "మా అన్న చేతిలో పెట్టు. చావో బతుకో అయితే చెయ్యమను, ఊరికే కాదు" అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండలేకపోయాను.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ మోగింది. మా వైపు ల్యాండ్‌లైన్ నంబరు. ఎత్తాలా వద్దా అని చూస్తుండగానే రెండు రింగులకు ఆగిపోయింది. ఆ రోజు మా వైపు సంత. మళ్లీ సంత రోజుకు, అదే వేళకు, అదే నంబరు నుంచి రెండు రింగులు. అంచెట్టిలో బస్సులు ఆగే చోట టీ అంగడిలో రూపాయి ఫోను పెట్టె ఒకటి ఉండేది. అవతలివాళ్లు ఎత్తాకే దానిలోకి రూపాయి పోతుంది. ఎత్తకపోతే రూపాయి చేతిలోనే ఉంటుంది. బయటివాళ్లు ఆ పెట్టెకు చేద్దామన్నా మోగదు.

ఆ రెండు రింగులకు అర్థమేమిటో మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు. కానీ నాకు తెలుసు. నేను బతికే ఉన్నాను, నీ ఫోను మోగుతోంది కాబట్టి నువ్వూ ఉన్నట్టే. ఇంతే. నేను గడప తొక్కలేదు, తన గొంతు వినలేదు. ఇద్దరి పంతమూ చెక్కుచెదరలేదు. భోజనాల వేళకు సంత రోజున ఫోన్ పళ్లెం పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ రెండు రింగులు మోగితే ఆ వారమంతా ఏదో ఒకలా నడిచేది. తోటివాళ్లు ఎవరో ప్రియుడని ఆటపట్టించేవాళ్లు. అవునని తలూపేదాన్ని, అన్న అని చెప్పడం కంటే అది సులువు.

రెండేళ్లు దాటాక ఫ్యాక్టరీ వాళ్లు మా లైన్ మొత్తాన్ని సూళగిరిలో కొత్తగా కట్టిన షెడ్డుకు మార్చారు. పొద్దున కంపెనీ బస్సు హైవే మీద తీసుకుపోయి దించేది. అక్కడ దిగి ఫోన్ చూసుకుంటే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. మా ఫోన్ కంపెనీ టవరు ఆ చుట్టుపక్కల లేదట. సంత రోజు వచ్చింది, పోయింది. టవరు లేని చోట ఫోను మోగదు సరే, చేసిన ఆనవాలైనా ఉంటుందనుకున్నాను. సాయంత్రం హోసూరులో గీతలు వచ్చాక చూస్తే అదీ లేదు. అన్న చేశాడో లేదో తెలుసుకునే దారే లేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

"కంపెనీ మార్చు. ఆ ఇంకో కంపెనీ టవరు మన గేటు కాడే ఉండాది" అన్నారు తోటివాళ్లు. మార్చడమంటే అంగడికి పోయి చెబితే చాలనుకున్నాను. హోసూరు బస్టాండు దగ్గర ఫోన్లు అమ్మే అంగడి ఒకటుంది. దాని యజమాని నడివయసు మనిషి, అడిగినదానికి ఓపిగ్గా చెబుతాడని పేరు. నా ఫోను వెనక మూత తీసి చూపించాడు.

"సిమ్ము యాడుంది దీంట్లో? చూడమ్మా" అన్నాడు.

బ్యాటరీ కింద ఖాళీ రేకు తప్ప ఏమీ లేదు.

"మీ కంపెనీది సీడీఎంఏ. దాంట్లో నంబరును ఫోన్లోనే ఎక్కించేస్తారు. ఇంకో కంపెనీది జీఎస్ఎం. దానికి నంబరు ఈ సిమ్ములో ఉంటాది, ఫోను మారిస్తే సిమ్ము తీసి దాంట్లో ఏసుకోవచ్చు. రెండూ వేరే వేరే పద్ధతులు. మీ ఫోను ఆ టవరుతో మాట్లాడదు. కొత్త ఫోను, కొత్త సిమ్ము తీసుకోవాల్సిందే."

"తీసుకుంటాను. నా పాత నంబరే దాంట్లో ఎక్కించండి."

ఆయన నవ్వాడు. "అది నీ ఇంటి పేరా అమ్మా, పోయిన చోటికంతా ఎంటబెట్టుకొని పోయేదానికి? నంబరు కంపెనీది. కంపెనీ ఇడిస్తే నంబరూ ఇడవాల్సిందే."

"రెండేండ్లుగా నేను వాడతా ఉండాను. నాది కాకుండా ఎట్ల పోతుంది?"

"అట్లే పోతుంది" అన్నాడాయన, మూత మళ్లీ వేసిస్తూ.

నేను వినే రకమైతే ఇంత కథ ఎందుకు. వారం సెలవు రోజున కృష్ణగిరి పోయాను, అక్కడ మా ఫోన్ కంపెనీ ఆఫీసు ఉందంటే. అద్దాల గది, చల్లటి గాలి, నా ఈడు పిల్ల కౌంటర్లో కూర్చుని ఉంది. ముందు తమిళంలో, తర్వాత తెలుగులో, అంగడాయన చెప్పిందే ఇంకొంచెం అందంగా చెప్పింది. నేను లేవకపోయేసరికి జాలిపడింది.

"నంబరు పోతే ఏమక్కా? తెలిసినోళ్లందరికీ కొత్త నంబరు చెప్పేస్తే సరిపోతుంది కదా" అంది.

"ఒక్కరికే చెప్పాలమ్మా."

"అయితే ఇంకా సులభం" అంది.

బయటికొచ్చి హోసూరు బస్సెక్కాను. కృష్ణగిరి కొండ కనిపించినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. పక్కనావిడ ఎవరైనా పోయారా అని అడిగింది. ఫోన్ నంబరు పోతోందని ఎలా చెప్పను, తల అడ్డంగా ఊపాను.

ఆ కౌంటరు పిల్ల తప్పేమీ లేదు. ఉత్తరం రాస్తే అది ముందు వదిన చేతిలో పడుతుంది. వదిన తమ్ముణ్ని కాదన్నదాన్ని, నా నంబరు ఆవిడ జాగ్రత్తగా అన్నకు ఇస్తుందని నమ్మకం లేదు. కాగితం తీసుకుపోయిన పిల్ల పెళ్లయి కోలారు వైపు పోయింది. ఇక మిగిలింది బస్సెక్కి పోవడమో, రెండో రింగు ముగిసేలోగా ఫోనెత్తి మాట్లాడడమో. రెండూ చేతనైనవే. చేయలేదు. ముందుగా మాట్లాడినవాళ్లు ఓడినట్టు, ఓడితే ఏదో ఊడిపోయినట్టు. అప్పుడు నాకలా అనిపించింది, ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

దానికి బదులు గొప్ప ఉపాయం ఒకటి కనిపెట్టాను. కొత్త కంపెనీ ఫోనూ సిమ్మూ కొన్నాను, సూళగిరికి అది. పాత ఫోను ఛార్జరుకు తగిలించి మత్తిగిరి గదిలోనే వదిలిపెట్టాను. మధ్యాహ్నం అన్న రెండు రింగులిస్తాడు, ఖాళీ గదిలో ఫోను మోగుతుంది, సాయంత్రం వచ్చి మిస్డ్ కాల్ చూసుకుంటాను. గదంతా తిప్పి చూస్తే పడమటి కిటికీ గట్టు మీద గీతలు నిండుగా వచ్చాయి, అక్కడే పెట్టాను. దాని నుంచి నేనెవరికీ చేసేది లేదు, వచ్చే కాల్‌కు ఖర్చు లేదు. కాబట్టి నంబరు చచ్చిపోకుండా ఉంచితే చాలు, అందులో మాట్లాడే డబ్బు వేయడం దండగనుకున్నాను. అన్నీ నాకే తెలుసుననే ధైర్యం.

మొదటి సంత రోజు సాయంత్రం తాళం తీసి చెప్పులతోనే కిటికీ దగ్గరికి పోయాను. మిస్డ్ కాల్ లేదు. గీతలు మాత్రం నిండుగా ఉన్నాయి. రెండో వారమూ లేదు. మూడో వారానికి, అన్నకు కోపం వచ్చిందని తేల్చుకున్నాను. సూళగిరికి మారిన కొత్తలో మోగకపోయిన వారాలు ఉన్నాయి కదా, నేను కావాలనే ఫోను ఆపేశానని అనుకుని ఉంటాడు. నాలుగో వారానికి కోపం కాదని భయం పట్టుకుంది. అది ఏనుగులు అడవి దిగి చేలమీదికి వచ్చే కాలం. అన్న ఆవుల కోసం చీకటి పడ్డాక కూడా అడవిలో తిరిగే మనిషి. ఏదైనా జరిగితే నాకు చెప్పేవాళ్లెవరు? నంబరు ఉన్నది అన్న ఒక్కడి దగ్గరే. బెంచీ మీద వైర్లు తప్పు రంగుకు తప్పు రంగు జోడించి సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నాను. తిడుతుంటే కూడా నాకేమీ పట్టలేదు.

ఆ సాయంత్రం అంగడాయన దగ్గరికి పోయి పాత ఫోను చెడిపోయినట్టుందన్నాను. "ఉండు, చేసి చూస్తాం" అని తన ఫోను నుంచి నా పాత నంబరు కొట్టి నా చెవి దగ్గర పెట్టాడు. రింగు లేదు. ఒక ఆడమనిషి కన్నడంలో, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, మీరు పిలిచినవారు ఇప్పుడు అందుబాటులో లేరు, దయచేసి కొంతసేపు ఆగి మళ్లీ చేయండి అంటోంది. తర్వాత అదే ఇంగ్లిషులో.

"కన్నడం ఎందుకు మాట్లాడుతుంది?" అన్నాను.

"ఫోను యాడ పెట్టినావు?"

"కిటికీలో. పడమటి పక్క."

ఆయన తల కొట్టుకున్నాడు. "హోసూరోళ్లకంతా ఉండే జబ్బే ఇది. ఆ పక్క పోతే కర్ణాటక కదమ్మా. నీ ఫోను ఆ టవరును పట్టుకొనుండాది. గీతలు నిండా ఉండాయని చూసినావు, యా రాష్ట్రం గీతలో చూడలేదు. ఆ పక్క టవర్లో ఉంటే రోమింగు. ఫోన్లో డబ్బు లేకుంటే లోపలికి వచ్చే కాలు కూడా రాదు. టవరు యా భాషదో ఆ భాషలోనే ఆ యమ్మ చెప్తుంది."

ఫోన్లో నెట్‌వర్క్ అని ఉన్నచోటికి పోయి, దానంతటదే వెతుక్కునేది తీసేసి, 'హోమ్ ఓన్లీ', అంటే మన రాష్ట్రం టవర్లే పట్టేది, పెట్టమని చెప్పాడు. గదికి పోయి అలాగే పెట్టాను. నిండుగా ఉన్న గీతలు రెండుకు పడిపోయాయి. ఫోనును కిటికీ నుంచి తీసి తూర్పు గోడ అలమరలోకి మార్చాను. అంటే నాలుగు వారాలుగా అన్న చేస్తూనే ఉన్నాడేమో, రింగుకు బదులు ఆవిడ గొంతు విని పెట్టేస్తున్నాడేమో. ప్రాణం లేచి వచ్చింది. కానీ ఏమో మీద ఇంకో వారం బతికే ఓపిక నాకు లేకపోయింది. ఈసారి ఎత్తుతాను, మాట్లాడతాను, కొత్త నంబరు చెప్పేస్తాను, ఓడిపోతే పోనీ అనుకున్నాను.

సంత రోజు సెలవు పెట్టి గదిలోనే ఉన్నాను. కొత్త నంబరు పెద్ద అంకెలతో రాసిన కాగితం ఒక చేతిలో, పాత ఫోను ఒళ్లో. భోజనాల వేళ అయింది. మోగింది. ఒకటి. రెండు. ఎత్తుతానని అంత అనుకున్నదాన్ని, బొటనవేలు కదలలేదు, ఇన్నాళ్ల అలవాటు. అయిపోయింది అనుకునేంతలో మూడోది మోగింది. నాలుగోది. మా అన్న ఏనాడూ మూడో రింగు దాకా ఉంచలేదు. ఎత్తాను. అవతల రూపాయి పెట్టెలో పడిన చప్పుడు వినిపించింది.

"నమస్కార అమ్మా" అన్నాడు మా అన్న, కన్నడంలో.

అయిదేళ్ల తర్వాత విన్న గొంతు. కొంచెం బొంగురుపోయింది. నాతో ఎందుకు కన్నడం మాట్లాడుతున్నాడో తెలియలేదు. తను చెప్పుకుపోతున్నాడు. నేనమ్మా, ఆ పిల్ల అన్నను, వారం వారం మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను, ఈరోజు చాలాసేపు మోగింది, మీరు ఇంట్లో లేరేమో అనుకున్నాను. మీది మంచి మనసు, ఎప్పుడు చేసినా కసురుకోరు, ఆగి మళ్లీ చెయ్యమని నెమ్మదిగా చెబుతారు, ఇన్నిసార్లు మాట్లాడినా నా రూపాయి కూడా పోనివ్వలేదు.

అప్పుడు అర్థమైంది. ఆ రికార్డు గొంతును మా ఇంటావిడ అనుకున్నాడు. పుస్తకాల కన్నడం మా కొండ మనిషికి ఎంత అర్థమైందో, మర్యాద మాత్రం అర్థమైంది. పెద్దావిడ పలికాక ఫోను పెట్టేయడం తప్పని, ఆవిడ మాట ముగించే దాకా ఆగి, తనూ మాట్లాడాడు. నాలుగు వారాలు.

నేనే అన్నా, అనాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం "హేళప్పా" అని. చెప్పప్పా అని, ఎవరో ముసలావిడలాగా. ఎందుకలా అన్నానో నన్నడిగితే నాకూ తెలియదు. ఆ గొంతు ఇంకొంచెంసేపు వినాలని ఉండింది, అంతే.

"పోయిన వారం నేను చెప్పింది మా చెల్లెలికి చెప్పినారా అమ్మా?" అని అడిగాడు.

"చెప్పాను" అన్నాను, కన్నడంలోనే.

"ఏమన్నది?"

ఏం చెప్పాడో నాకేం తెలుసు. ఇంటికి రమ్మన్నాడేమో. ఏదైనా ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

"సరే అంది" అన్నాను.

అవతల సంతలో మేకల అరుపులు, బస్సు హారను వినిపించాయి. "సరే అన్నదా" అన్నాడు, తెలుగులో, తనలో తానే. తర్వాత మళ్లీ కన్నడంలో, మెల్లగా చెప్పాడు. మంచిదమ్మా. తనే వచ్చి ఎత్తడం లేదంటే నేను చేయడం ఇష్టం లేనట్టే కదా, అలా అయితే మానుకుంటానని చెప్పమన్నాను. సరే అందంటే సరే. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

"అన్నా" అన్నాను.

ఈసారి తెలుగులో, నా సొంత గొంతుతో.

"అన్నా, నేను. మానొద్దు."

"ఆ యమ్మ యాడ?" అన్నాడు.

"ఈడ యా అమ్మా లేదన్నా. నేనొక్కదాన్నే ఉండేది."

రూపాయికి వచ్చే నిమిషం అయిపోవస్తోంది, ఇంకో రూపాయి తన దగ్గర ఉందో లేదో. చేతిలో కాగితం చూసుకుని, "నా నంబరు మారిందన్నా, కొత్తది చెప్తాను, ఎవర్నన్నా అడిగి రాయించుకో" అన్నాను.

"నంబరెందుకు మార్చేది?" అన్నాడు. "నాకు ఇదొక్కటే వచ్చేది. కాగితం ఎప్పుడో చినిగిపాయె. ఏలికి వచ్చేసుండాది, చూడకుండా కొడతాను. దీన్ని మార్చొద్దమ్మా."

"మార్చనన్నా."

"ఊఁ" అన్నాడు. లైను తెగింది.

ఆ వచ్చిన సెలవు రోజునే బస్సెక్కి పోయాను. అంచెట్టిలో దిగి, అన్న వచ్చే దాకా టీ అంగట్లో కూర్చుంటే, టీ అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా చెల్లెలు?" అన్నాడు. "మీ అన్న ఇంత మాట్లాడతాడని మాకు తెలీదమ్మా. నాలుగు వారాలు ఆ పెట్టె పట్టుకొని వచ్చినోళ్లను కూడా చూడకుండా చెప్పిందే చెప్పినాడు. లైను కోసినాక కూడా చెప్తానే ఉండె. ఒకనాడు కండ్లు తుడుచుకొన్యాడు."

ఏం చెప్పాడని అడగబోయి ఊరుకున్నాను. తర్వాత ఎన్నోసార్లు ఊరికి పోయాను, పోతూనే ఉన్నాను. పోయినప్పుడల్లా అన్న అన్నం తిన్నావా అంటాడు, తిరుగు బస్సు ఎన్నింటికి అంటాడు, ఆవుల వైపు వెళ్లిపోతాడు. ఆవిడతో మాట్లాడినంత నాతో ఇప్పటికీ మాట్లాడలేదు.